రాగి కోసం వచ్చేవాడు: పొలం మోటారు కాపుదల గురించి ఒక లేఖ



పొలాల్లో మోటారు పోయిందని, కేబుల్ పోయిందని, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టారని రైతులు వేర్వేరుగా చెప్పుకుంటారు గానీ, ఈ దొంగతనాలలో ఎక్కువభాగం ఒకే సరుకు కోసం జరుగుతాయి. ఆ సరుకు రాగి. కొత్తగా సేద్యం చేపట్టిన యువకుడు ఏ తాళం కొనాలని అడగడానికి ముందు, తన పొలంలో ఎంత రాగి ఉంది, అది ఎక్కడెక్కడ చేతికి అందేటట్లు ఉంది అని లెక్క వేసుకోవడం మంచిది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు, అంటే బోరు లోపల నీటిలో మునిగి పనిచేసే మోటారుకు, కరెంటు అందించే చదునైన కేబుల్‌లో మూడు రాగి తీగలు ఉంటాయి. ఒక్కొక్క తీగ అడ్డుకోత వైశాల్యం 4 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, ఘన సెంటీమీటరు రాగి దాదాపు 9 గ్రాములు తూగుతుంది గనుక, 100 మీటర్ల కేబుల్‌లో 11 కిలోలకు కాస్త తక్కువగా రాగి ఉన్నట్లు లెక్క. స్టార్టరు నుంచి బోరు దాకా నేల మీద పాకే ముక్క 30 మీటర్లే అయినా అందులో 3 కిలోలకు పైగా ఉంటుంది. దానికోసం వచ్చేవాడికి కటింగ్ ప్లేయరు, అయిదు నిమిషాల చీకటి చాలు. వాడికి దక్కేది కాల్చిన రాగికి పాత సామాన్ల దుకాణంలో పలికే ధర మాత్రమే కాగా, రైతుకు పోయేది కొత్త కేబుల్ ఖరీదు, మెకానిక్ కూలి, వరి పొట్ట మీద ఉన్నప్పుడైతే ఆ తడి కూడా.

దొంగ రాత్రినే ఎంచుకోవడానికి చీకటి ఒక్కటే కారణం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల సరఫరా ఇస్తున్నారు గనుక, అది ఆగిన తరువాత ఆ తీగల్లో కరెంటు ఉండదని ఊళ్ళో అందరికీ తెలిసినట్లే దొంగకూ తెలుసు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనా దొంగతనాలు ఆగలేదు, ఎందుకంటే స్టార్టరు దగ్గర ఫ్యూజులు పీకడం తెలిసినవాడికి అది పెద్ద అడ్డంకి కాదు. కాబట్టి తీగలో కరెంటు ఉంటే అదే కాపలా కాస్తుందన్న నమ్మకం పనికిరాదు. ఆ నమ్మకాన్ని మరో మెట్టు ఎక్కించి, మోటారు చుట్టూ కరెంటు తీగ చుట్టి ఉంచే రైతులు కొందరున్నారు. ఇది ఏ పరిస్థితిలోనూ చేయరాని పని. ఆ తీగకు దొంగ కంటే ముందు తెల్లవారుజామున మడి చూసుకోవడానికి వచ్చిన పాలివాడో, మేతకు వచ్చిన గేదెనో, ఆ ఇంటి పిల్లవాడో తగులుతాడు, అప్పుడు నిందితుడిగా నిలబడేది తీగ కట్టిన రైతే.

కేబుల్‌ను కాపాడే పద్ధతి నిజానికి పార, గడ్డపారలతో అయ్యేదే. స్టార్టరు నుంచి బోరు వరకు రెండడుగుల లోతు కాలువ తీసి, పీవీసీ గొట్టంలో కేబుల్ దూర్చి పూడ్చి, అది నేల నుంచి పైకి వచ్చే రెండు చోట్లా కాంక్రీటు దిమ్మె పోస్తే, అయిదు నిమిషాల పని అరపూట పని అవుతుంది. అంతసేపు చప్పుడు చేస్తూ తవ్వే ఓపిక దొంగకు ఉండదు. మరో ఉపాయం, పైన ఉండే ముక్క వరకు రాగికి బదులు అల్యూమినియం కేబుల్ వాడడం. అల్యూమినియం రాగి మోసినంత కరెంటు మోయలేదు గనుక 4 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉన్న చోట కనీసం 6 వేయాలి. రెండు లోహాలూ నేరుగా కలిసిన చోట తేమ చేరితే అతుకు చిలుము పట్టి వేడెక్కుతుంది గనుక, ఒక వైపు రాగి, ఒక వైపు అల్యూమినియం ఉండే బైమెటాలిక్ లగ్గుతోనే కలపాలి. ఈ పని మెకానిక్ చేత చేయించి, మొదటి వారంలో అతుకు వేడెక్కుతోందేమో అతనితోనే మరొకసారి చూపించాలి.

బోరులోని మోటారు సంగతి గొట్టాన్ని బట్టి ఉంటుంది. ఇనుప గొట్టాలతో దింపిన మోటారును తీయాలంటే మూడు కాళ్ళ స్టాండు, చైను కప్పీ కావాలి. నల్లని హెచ్‌డీపీఈ గొట్టంతో దింపినదాన్ని నలుగురు భుజాన వేసుకుని పొలం గట్టు వెంట నడుస్తూ పోతే అదే పైకి వస్తుంది. ఈ సౌకర్యం మోటారు కాలినప్పుడు రైతుకు ఎంత మేలో, కాలనప్పుడు దొంగకూ అంతే మేలు. అందుకని బోరు మూతను కేసింగుకు వెల్డింగు పెట్టించేవారున్నారు, కానీ అది కోపంలో చేసే పనే తప్ప ఆలోచించి చేసేది కాదు. ఎండాకాలంలో మోటారు కాలితే ఆ మూతను కోయడానికి గ్యాస్ కట్టరు కోసం మండల కేంద్రానికి పరుగెత్తాలి. మందపాటి పట్టీతో మూతను బిగించి, పట్టీ లోపలికి దాగే తాళం వేయడం మేలు.

తాళం మాట వచ్చింది గనుక స్టార్టరు పెట్టెను దగ్గరగా చూడాలి. చాలా పెట్టెలకు ముందువైపు గట్టి ఇత్తడి తాళం వేలాడుతుంటుంది, వెనకవైపు బందులు మాత్రం పల్చని రేకుకు రెండేసి రివెట్లతో అంటుకుని ఉంటాయి. దొంగ తాళాన్ని ముట్టుకోడు. బందు సీలను మేకుతో పైకి కొట్టి, తలుపును తాళంతో సహా పక్కకు తిప్పుతాడు. సీల రెండు కొసలనూ సుత్తితో చదును చేయిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

తైవాన్ స్ప్రేయరు, గడ్డి కోసే బ్రష్ కట్టరు, పవర్ వీడరు దారి వేరు. వీటిని ఎవరూ కరిగించరు, యంత్రంగానే మరో మండలంలో అమ్ముతారు. కాబట్టి ఇక్కడ కాపాడేది గుర్తు. కంపెనీ నంబరు పలక రివెట్లతో ఉంటుంది, క్షణంలో ఊడుతుంది. ఇంజను ఒంటి మీద రెండు చోట్ల, ఒకటి కనబడేటట్లు, ఒకటి కనబడకుండా, అక్షరాల పంచ్‌తో ఇంటిపేరు పొడి అక్షరాలు కొట్టించి, ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచాలి. సాయంత్రం యంత్రాన్ని ఇంటికి తేవడం ఎలాగూ తప్పదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గనుక, పెళ్ళికి ఊరు వెళ్ళే రోజు పొలంలో ఎవరూ ఉండరన్న సంగతి టీ కొట్టు దగ్గర ప్రకటించకపోవడం కూడా కాపలాలో భాగమే.

ట్రాన్స్‌ఫార్మర్ రైతుది కాదు, విద్యుత్ పంపిణీ సంస్థది. అయినా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు నడుస్తాయి గనుక అది పోతే ఎండేది ఆ నలుగురైదుగురి పైరు. ఈమధ్య చిన్నవాటిలో అల్యూమినియం చుట్లు కూడా వస్తున్నా, ఆ సంగతి దొంగకు నూనె పారబోసి విప్పిన తరువాతే తెలుస్తుంది, రైతుకు నష్టం మాత్రం అంతే. 1912 నంబరుకు ఫోను చేసి, ఆ రైతులంతా కలిసి పోలీసులకు రాసివ్వాలి. 2003 విద్యుత్ చట్టంలోని 136వ సెక్షను విద్యుత్ తీగలు, సామగ్రి దొంగిలించినవాడికి మూడేళ్ళ వరకు జైలు చెబుతుంది. 137వది తెలిసీ ఆ సొత్తు పుచ్చుకున్నవాడిని కూడా పట్టుకుంటుంది కాబట్టి ఫిర్యాదులో పాత సామాన్ల దుకాణాలు వెతకమని కోరడం సబబే.

సొంత సొత్తుకు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు విలువ రాయడం మరవకూడదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దొంగకు అదే మొదటి శిక్ష అయి, సొత్తు గానీ విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే, వాడికి పడేది సమాజ సేవ మాత్రమే. అందుకే కొత్త కేబుల్ బిల్లు జతచేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇస్తారు, పంపుసెట్టుకు బీమా చేయించి ఉంటే అక్కడా అదే అడుగుతారు.

తెల్లవారి కేబుల్ తెగి కనిపించినప్పుడు, స్తంభం వైపు మిగిలిన కొసలో కరెంటు ఉండవచ్చు గనుక దాన్ని ముట్టుకోకుండా ముందు లైన్‌మన్‌ను పిలిచి సరఫరా తీయించాలి. తరువాత కొసలను ఫొటో తీసి, కేబుల్ తొడుగు కాల్చి రాగి తీయడానికి దొంగ మరుగు చూసుకుంటాడు గనుక, చెరువు కట్ట కింద తుమ్మచెట్ల వైపు ఒకసారి నడిచి చూడాలి. రబ్బరు మాడిన వాసన, నల్లని బూడిదలో అంటుకుపోయిన ప్లాస్టిక్ ముద్దలు కనబడితే వాటిని కదపకుండా పోలీసులకు చూపించాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న