హొళగుంద చేలో 112 నొక్కితే

పత్తి తీసే కాలం. హొళగుంద మండలంలో ఎల్లార్తి పక్కన ఒక చేను. పొద్దు వాలుతుండగా కూలికొచ్చిన ఆమె కాలిని పాము కరిచిందనుకోండి. పక్కనున్న అతని జేబులో ఉన్నది బటన్ ఫోను. ఆ ఫోను నుంచి బయలుదేరిన కబురు చేను గట్టుకి అంబులెన్సు బండిని ఎలా రప్పిస్తుందో వరసగా చూద్దాం. దారిలో సగం ఢిల్లీది, సగం రాష్ట్రానిది. చిక్కు వచ్చేది ఆ రెండూ కలిసే చోటే.

ముందు నంబరు సంగతి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో టెలిఫోన్లు కేంద్ర జాబితాలో ఉన్నాయి, పోలీసు, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అంటే ఏ నంబరు మోగాలో కేంద్రం చెబుతుంది, మోగాక ఎవరు కదలాలో రాష్ట్రం చూసుకోవాలి. చాలాకాలం పోలీసుకి 100, అగ్నిమాపకానికి 101, అంబులెన్సుకి 102 అని వేర్వేరుగా నడిచింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది, తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్నే అందుకున్నాయి. అన్నిటికీ కలిపి 112 ఒక్కటే ఉండాలని 2015 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. నిర్భయ నిధి డబ్బుతో కట్టిన ఆ ఏర్పాటు 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో మొదలైంది. 2019 ఫిబ్రవరిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో చేరింది.

ఇప్పుడు ఫోను. 2016 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోనులో ఆపద బటన్ ఉండాలి. బటన్ ఫోనులో 5 గానీ 9 గానీ అదిమిపట్టాలి. స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్‌ను టకటకా మూడుసార్లు నొక్కాలి. 2018 నుంచి జీపీఎస్ కూడా ఉండాలని అదే నియమాల్లో ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో ఈ బటన్ ఎక్కడుందో ఒకసారి చూసిపెట్టడం మంచిది. చూడటం వరకే, ఊరికే నొక్కి పరీక్షించవద్దు, అవతల నిజంగానే మోగుతుంది.

112కి ఒక ప్రత్యేకత ఉంది. ఫోను దాన్ని మామూలు నంబరుగా చూడదు. లాక్ తీయకుండానే కొట్టనిస్తుంది. మీ కంపెనీ టవర్ అందకపోయినా చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్ దొరికితే దాన్ని పట్టుకుని కాల్ పంపడానికి చూస్తుంది. 108కి అన్ని ఫోన్లలోనూ ఈ వెసులుబాటు ఉంటుందని నమ్మకం పెట్టుకోలేం. అందుకే నా లెక్క ఇది: సిగ్నల్ నిండుగా ఉండి, విషయం వైద్యానిదే అయితే నేరుగా 108. ఫోను మీద గీతలు కనిపించకపోతే 112. ఏ కంపెనీదీ అందని చోట మాత్రం 112 కూడా పనిచేయదు. గట్టెక్కో మిద్దెక్కో మళ్లీ కొట్టాల్సిందే.

కాల్ టవర్‌కి చేరింది. ఇక్కడే హొళగుందకు తనదైన తలనొప్పి ఉంది. పడమటికి పోతే కర్ణాటక, సిరుగుప్ప వైపు. గాలిలో తరంగానికి చెక్‌పోస్టు లేదు. చేను మనదైనా ఫోను అవతలి టవర్‌ను పట్టుకోవచ్చు. అత్యవసర కాల్ ఏ కేంద్రానికి పోవాలో టవర్‌ను బట్టి తేలుతుంది కాబట్టి, అవతల ఎత్తినవాళ్లు కన్నడంలో పలకరించవచ్చు. ఈ ప్రాంతంలో కన్నడం రానివాళ్లు తక్కువ, మాటకి ఇబ్బంది లేదు. కానీ బండి పంపాల్సింది ఆంధ్ర వాళ్లు. అలాంటప్పుడు మొదటి మాటగా రాష్ట్రం పేరు చెప్పాలి.

తర్వాత చోటు కనిపెట్టడం. అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది ఇదే. టవర్‌కి తెలిసేది ఫోను తనకు ఏ దిక్కున ఉంది, సుమారు ఎంత దూరంలో ఉంది అన్నంతవరకే. పాత 2జీలో ఆ దూరం కొలత ఒక్కో మెట్టు దాదాపు 550 మీటర్లు. పట్నంలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఎలాగో సరిపోతుంది. ఇక్కడ ఒక్కో టవర్ కింద రెండు మూడు ఊళ్ల చేలు ఉంటాయి. అందుకే సంభాషణ ఇలా సాగుతుంది:

“ఎక్కడున్నారండీ?”

“చేన్లో సార్, మా ఊరి పక్కన.”

“ఏ ఊరు? ఏ మండలం?”

“ఎల్లార్తి సార్. దర్గా తెలుసుగదా, దాన్ని దాటినాక...”

దర్గా పేరు వచ్చాకే అవతలి మనిషి చేతికి దారం కొస దొరికింది. గుడి, దర్గా, కాలువ వంతెన, బడి: బండి నడిపేవాడికి తెలిసిన గుర్తు ఏదైనా సరే. సర్వే నంబరు అక్కరకు రాదు.

112కి వెళ్లిన కాల్ వైద్యానిదని తేలితే 108 వాళ్లకు అందుతుంది. వాళ్లు దగ్గర్లో ఖాళీగా ఉన్న బండిని చూసి కదిలిస్తారు. పాము కాటుకు పెద్దాసుపత్రి అంటే ఆదోని, సుమారు ముప్పై కిలోమీటర్లు. దసరా రాత్రి ఇదే మండలంలోని దేవరగట్టు కొండ దగ్గర జరిగే బన్ని ఉత్సవానికి మాత్రం వైద్య శిబిరాన్ని, అంబులెన్సులను ముందే అక్కడ పెడతారు. ఆ ఉత్సవంలో జరిగే కర్రల సమరంలో తలలు పగలడం ఏటా ఉన్నదే. పైగా అంతమంది ఒకే కొండ దగ్గర చేరితే టవర్ కిక్కిరిసి మామూలు కాల్స్ కలవవు. కాబట్టి ఆ ఏర్పాటు సబబే.

బండి బయలుదేరాక ఇంకో ఫోను వస్తుంది. సరిగ్గా ఎక్కడ మలుపు తిరగాలో అడగడానికి బండిలోవాళ్లే చేస్తారు. ఈలోపు చుట్టాలందరికీ కబురు చెప్పడానికి అదే ఫోను వాడితే లైన్ దొరకదు, వాళ్లు రోడ్డు మీద నిలబడిపోతారు. చుట్టాలకు వేరే ఫోనులో చెప్పండి. కరిచిన కాలిని కదలనివ్వకుండా ఒకరు ఆమె దగ్గర ఉండండి, ఇంకొకరు టార్చితో తారురోడ్డుకు పోండి. తెలియని నంబరు మోగితే వెంటనే ఎత్తండి.