చెత్త ఏరువారి బిడ్డలకు బడి

ప్రశ్న: జవహర్ నగర్ డంపింగ్ యార్డు చెంత నివసించు పదేండ్ల బాలికను బడిలో చేర్పింపబోగా జనన ధ్రువపత్రము లేదని త్రిప్పి పంపిరి. ఏమి చేయవలెను?

జవాబు: వయోధ్రువీకరణ లేదను మిషతో ప్రవేశమును నిరాకరించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టపు 14వ సెక్షను నిషేధించుచున్నది గనుక, ఆ సంగతి నుదాహరించి ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకముగా అర్జీ సమర్పింపుడు. 4వ సెక్షను ననుసరించి ఆమెను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తప్పిపోయిన పాఠములకు ప్రత్యేక శిక్షణ నీయవలెను. పదేండ్ల పిల్లను ఒకటవ తరగతి పసివాండ్ర నడుమ కూర్చుండబెట్టుట మరల గోతము భుజమున వేసికొని పొమ్మనుటయే యని నా దృఢాభిప్రాయము. తెల్లవారుజామున తల్లితోఁ గూడి సీసాలు, అట్టముక్కలు ఏరి వచ్చు బిడ్డ ఆలస్యముగా వచ్చినచో దండింపవలదని ఉపాధ్యాయులను వేడుకొనుడు. ఇంట చంటిబిడ్డ యున్నయెడల శిశుసంరక్షణ కేంద్రము (క్రెష్) గల అంగన్‌వాడీలో చేర్పింపుడు. ఏలయన వానిని ఎత్తుకొను భారము పెక్కుమారులు అక్కపైననే పడును.