స్వార్జితమా, పిత్రార్జితమా?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. నేను అక్కడికి బదిలీ అయిన ఏడాది, మా వీధి ఉగాది చందాల లెక్క మా అబ్బాయి చేతికొచ్చింది. వాడప్పుడు జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాడు. క్వార్టరు నంబరు కొడితే చందా ఎంతో చెప్పే చిన్న పేజీ తయారుచేశాడు.

మర్నాడే ఒక మామ్మగారు మా గుమ్మంలో నిలబడ్డారు. భర్త పోయిన ఏడాది కదా అని పెద్దలు ఆవిడకు చందా వద్దన్నారు. మావాడు సున్నా అని సరిగ్గానే రాశాడు. పేజీ మాత్రం "ఈ ఇల్లు జాబితాలో లేదు" అంది. "మమ్మల్ని తీసేశారా బాబూ?" అన్నారావిడ.

తప్పు ఒక్క వరుసలో ఉంది. 'ఇఫ్' పక్కన నేరుగా చందా[నంబరు] అని పెట్టాడు. అలా పెడితే జావాస్క్రిప్ట్ గడి ఉందా అని చూడదు, గడిలో ఉన్న విలువను చూస్తుంది. సున్నా, ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్ అన్నీ దానికి 'కాదు' కిందే లెక్క. నిల్వ సున్నా ఉన్న ఖాతా వేరు, అసలు ఖాతాయే లేకపోవడం వేరు. బ్యాంకువాళ్ల ఇళ్లలో ఇది చెప్పాలా!

విలువను అన్‌డిఫైన్డ్‌తో పోల్చి చూస్తే సున్నా గట్టెక్కుతుంది. కానీ 'ఇంకా తేలలేదు' అని గడి తెరిచి అందులో అన్‌డిఫైన్డ్ ఉంచితే, మళ్లీ 'లేదు' అనే వస్తుంది.

'నంబరు ఇన్ చందా' అని రాస్తే గడి ఉందా అనే అడిగినట్టు. ఇక్కడా ఒక మెలిక. 'టూస్ట్రింగ్' అనే పేరు ఇచ్చి అడిగినా ఉందనే అంటుంది. మనం రాయలేదే! మామూలు ఆబ్జెక్టుకు ప్రోటోటైప్ నుంచి కొన్ని సంక్రమిస్తాయి. ప్రాపర్టీ అంటే ఆస్తి అనుకుంటే తేలిక: 'ఇన్' స్వార్జితం, పిత్రార్జితం కలిపి లెక్కేస్తుంది. స్వార్జితమే కావాలంటే ఆబ్జెక్ట్.హ్యాజ్‌ఓన్(చందా, నంబరు) అనాలి. ఇది 2022 ప్రమాణంలో చేరింది. పాత పుస్తకాల్లో చందా.హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ(నంబరు) కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే అదీ పిత్రార్జితమే. ఆబ్జెక్ట్.క్రియేట్(నల్)తో పుట్టిన, వెనకా ముందూ ఎవరూ లేని ఆబ్జెక్టు మీద పిలిస్తే ఎర్రరే.

మావాడు వరుస మార్చి, మామ్మగారి చేతే నంబరు కొట్టించాడు. "చందా: 0" అని వచ్చింది. ఆవిడ కాసేపు దాన్నే చూసి, "సున్నా ఏమిటి బాబూ, పదకొండు రూపాయలు రాయి" అంటూ కొంగుముడి విప్పారు.