ఫిడేలు విదుషి విల్మా నెరూడా

సంగీతము చెవితో గ్రహింపవలసిన విద్య. ఐనను ఐరోపాలో స్త్రీ ఏ వాద్యమును వాయింపవచ్చునో చాలకాలము కంటితో చూచియే నిర్ణయించిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో సంపన్న గృహములందలి బాలికలకు పియానో నేర్పుట మర్యాదగా నుండెను. తిన్నగా కూర్చుండి, చేతులు మాత్రము కదల్చుచు వాయించు వాద్యమగుటచే దాని నెవ్వరును తప్పుపట్టలేదు. ఫిడేలు సంగతి వేరు. మన విద్వాంసులు కూర్చుండి వాయించు ఫిడేలును అచ్చటివారు నిలుచుండి, గడ్డము క్రింద నదిమిపట్టి వాయింతురు. అట్లు పట్టినచో మెడ వంకరపోయి, స్త్రీల ముఖసౌందర్యము చెడునని పెద్దలు చెప్పుచుండిరి. ఆ విద్య స్త్రీకి పట్టువడునా యని పరీక్షించి చూచినవారు అరుదు.

ఈ అడ్డంకిని దాటిన వనితలలో విల్మా నెరూడా ప్రసిద్ధురాలు. ఆమె 1838లో, నేటి చెక్ దేశమునకు చెందిన బ్ర్నో నగరమున జన్మించెను. తండ్రి చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు. కుమార్తె పియానో నేర్వవలెనని ఆయన కోరిక. ఆ బాలిక మాత్రము తండ్రి లేని సమయమున సోదరుని ఫిడేలును రహస్యముగా తీసి సాధన చేయుచుండెడిదని చెప్పుదురు. సంగతి తెలిసిన తండ్రి ఆమెను దండింపలేదు. తానే గురువై ఫిడేలు నేర్పెను. 1846లో వియన్నా నగరమున ఆ పసిబాలిక తొలి కచేరి చేసెను. 1849లో లండను ప్రజలు ఆమె వాద్యమును వినిరి.

వివాహానంతరము గూడ ఆమె వాద్యమును విడువలేదు. 1869లో మరల లండనునకు వచ్చి, నలుగురు కలిసి వాయించు కచేరీలలో ప్రధానస్థానమున కూర్చుండెను. తక్కిన ముగ్గురు పురుషులును ఆమె సంజ్ఞ ననుసరించి వాయించుచుండిరి. 1872లో లండనులోని రాయల్ సంగీత విద్యాలయము బాలికలను ఫిడేలు తరగతిలో చేర్చుకొనెను. ఆమె కీర్తి యెంతటిదనగా, 1887లో వెలువడిన తొలి షెర్లాక్ హోమ్స్ కథలో ఆ అపరాధ పరిశోధకుడు ఆమె కచేరికి పోవలెనని త్వరపడును. 1901లో అలెగ్జాండ్రా రాణి ఆమెను తన ఆస్థాన ఫిడేలు విదుషిగా గౌరవించెను. 1911లో ఆమె బెర్లినులో మరణించెను.

ఒక అసాధారణ ప్రజ్ఞావతిని మెచ్చుకొనుట లోకమునకు సులభము. సామాన్య ప్రజ్ఞ గల పలువురు స్త్రీలకు జీవనోపాధి కల్పించుట కష్టము. వేదికపై ఒంటరిగా వాయించు స్త్రీకి పూలదండ లభించినను, నెలజీత మిచ్చు పెద్ద వాద్యబృందముల తలుపులు ఆమెకు మూసియే యుండెను. 1913లో సర్ హెన్రీ వుడ్ లండనులోని క్వీన్స్ హాలు బృందమున ఆరుగురు స్త్రీలను చేర్చుకొనెను. అమెరికాలో 1970 తరువాత పెక్కు బృందములు ఒక చక్కని ఉపాయము నవలంబించెను. అభ్యర్థికిని పరీక్షకులకును నడుమ తెర కట్టిరి. పాదరక్షల సవ్వడిని బట్టి స్త్రీయో పురుషుడో తెలియకుండుటకై కొన్నిచోట్ల తివాచి గూడ పరచిరి. నాటినుండి ఎంపికైన స్త్రీల సంఖ్య పెరిగెను.

బెర్లిను ఫిల్హార్మోనిక్ బృందము 1982లో తొలి వాద్యకారిణిని చేర్చుకొనెను. వియన్నా ఫిల్హార్మోనిక్ బృందమున అన్నా లెల్కెష్ అను విదుషి రెండు దశాబ్దములకు పైగా హార్ప్ వాయించినను, ఆమెకు సభ్యత్వము లభించినది 1997లో. పసిబాలికయైన విల్మాకు ఆ నగరము కరతాళధ్వనులు చేసి అప్పటికి నూట యేబదియొక్క సంవత్సరములు గడచెను.

ఆచారము పేరిట నిలిచిన అడ్డుగోడ ఒక్కరి ప్రతిభచే కూలిపోదు. ఒకరు దారి చూపవలెను. పెక్కుమంది ఆ దారిన నడువవలెను. న్యాయము తెలిసినవారు తలుపు తీయవలెను.

ప్రశ్నలు
1. స్త్రీలు ఫిడేలు వాయింపరాదనుటకు ఆనాటివారు చెప్పిన కారణమేమి? అది సమంజసమా?
2. పరీక్షా సమయమున తెర కట్టుటవలన కలిగిన ప్రయోజనమును వివరింపుము.