భారత నౌకాదళము – చరిత్ర, వ్యవస్థ, సాధన సంపత్తి

మన పొలములలో చల్లు పొటాష్ ఎరువు ఈ దేశపు గనులనుండి వచ్చునది కాదు. దాదాపు అంతయు విదేశములనుండి ఓడలపై రావలసినదే. ట్రాక్టరునకు, నీరు తోడు ఇంజనుకు వాడు డీజిల్ ఏ ముడిచమురునుండి తయారగుచున్నదో, ఆ చమురులో అధికభాగము సముద్రము దాటియే వచ్చుచున్నది. గోదావరి ప్రాంతపు బియ్యము కాకినాడ రేవునుండి ఇతర ఖండములకు పోవుచున్నది. తూకము ననుసరించి లెక్కించినచో మన విదేశవాణిజ్యములో నూటికి 90 పాళ్లకు మించి సముద్రమార్గముననే జరుగుచున్నది. కావున సముద్రము నెన్నడును చూడని గ్రామమునకు సైతము సముద్రముతో నిత్యసంబంధము కలదు. ఆ మార్గములను, మన తీరమును కాపాడు బలమే నౌకాదళము. దానిని గురించి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ముఖ్యవిషయములు ఈ పాఠమున వివరింపబడినవి.

పూర్వచరిత్ర

సముద్రయానము ఆంధ్రులకు క్రొత్త కాదు. శాతవాహన రాజైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాప కొయ్యలుగల ఓడ బొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు ఒక అభయశాసనము వేయించెను. ఓడ మునిగి సరకులు తీరమునకు కొట్టుకొనివచ్చినచో వానిని రాజులు స్వాధీనము చేసికొను ఆచారము అంతకుముందు ఉండెను. ఆ యాచారమును మానితిమనియు, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసికొనమనియు ఆ శాసనము విదేశవర్తకులకు మాట యిచ్చినది. రేవు సురక్షితమైన గాని వర్తకము వృద్ధి చెందదను సత్యమును ఆనాటి పాలకులు ఎరిగియుండిరి.

రేవులనుండి సుంకము వచ్చుట ఒక ఎత్తు. సముద్రముపై అదుపు ఉండుట మరియొక ఎత్తు. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పినది. 1612లో దాని యుద్ధనౌకలు సూరతు తీరమునకు చేరినవి. కేరళ తీరమున కుంజాలి మరక్కార్లు, కొంకణ తీరమున కాన్హోజీ ఆంగ్రే వంటివారు విదేశ నౌకలను గట్టిగా ఎదిరించిరి. కాని దేశము మొత్తమునకు ఒక్క నౌకాబలము లేకపోయినది. నేలపై గొప్ప సైన్యములున్న ప్రభువులును సముద్రమార్గమున వచ్చినవారిని నిలువరింపలేకపోయిరి. ఇందలి పాఠము మనము మరువరానిది.

కంపెనీ నౌకాబలము కాలక్రమమున పలుపేర్లు మార్చుకొని, 1934లో ‘రాయల్ ఇండియన్ నేవీ’ యైనది. నాసిరకపు ఆహారమును, జాత్యవమానములను సహింపజాలక 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని ‘తల్వార్’ శిక్షణస్థావరమున నావికులు సమ్మె కట్టిరి. కొలది దినములలో అది కరాచి, మద్రాసు, కలకత్తాలకు వ్యాపించి, సుమారు 20,000 మంది నావికులు అందు పాల్గొనిరి. భారతీయ సైనికులను నమ్ముకొని ఈ దేశమును ఇక ఏలజాలమని బ్రిటిష్ పాలకులకు బోధపరచిన సంఘటనలలో ఇది యొకటి.

స్వాతంత్ర్యానంతరము

దేశవిభజనతోపాటు నౌకలును పంచబడినవి. స్థూలముగా మూడింట రెండు వంతులు మనకు దక్కినవి. 1950 జనవరి 26న ‘రాయల్’ అను మాట తొలగి, ‘భారత నౌకాదళము’ ఏర్పడినది. అయినను అనుభవముగల ఉన్నతాధికారులు తగినంతమంది లేనందున, స్వాతంత్ర్యము వచ్చిన దాదాపు పదునొకండు ఏండ్ల వరకు బ్రిటిష్ అధికారులే దీనికి అధిపతులుగా నుండిరి. 1958 ఏప్రిల్ 22న వైస్ అడ్మిరల్ రామదాస్ కఠారి ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడయ్యెను.

1961లో విమానవాహక నౌక ‘విక్రాంత్’ మన దళమున చేరినది. అదే సంవత్సరము గోవా విమోచనమున నౌకాదళము పాల్గొన్నది. 1967 డిసెంబరు 8న తొలి జలాంతర్గామి ‘కల్వరి’ సోవియట్ దేశమున మనకు అప్పగింపబడినది. 1968లో విశాఖపట్టణము తూర్పు నౌకా కమాండునకు కేంద్రమైనది.

1971 పరీక్ష

1971 యుద్ధము ఈ దళమునకు గొప్ప పరీక్ష. విక్రాంతును వెదకి ముంచుటకై పాకిస్థాన్ తన జలాంతర్గామి ‘ఘాజీ’ని బంగాళాఖాతమునకు పంపెను. మనవారు విక్రాంతును అండమాను దీవుల చాటున దాచి, అది విశాఖపట్టణముననే యున్నదని శత్రువు నమ్మునట్లు తంతివార్తలు పంపించిరి. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట విశాఖ రేవు వెలుపల సముద్రగర్భమున పెద్ద ప్రేలుడు వినబడినది. ఘాజీ తొంబదిమందికి పైగా నావికులతో మునిగిపోయినది. మన ‘రాజపుత్’ నౌక విడిచిన మందుగుండు వలన అది మునిగినదని మన దేశము, తాను పరచిన మైను వలననే మునిగినదని పాకిస్థాన్ చెప్పుచున్నవి. ఏది యెట్లున్నను, ఆ భయము తొలగుటతో విక్రాంత్ విమానములు చిట్టగాంగు, కాక్స్‌బజారు రేవులపై నిరాటంకముగా దాడిచేసినవి.

డిసెంబరు 4వ తేదీ రాత్రి నిపత్, నిర్ఘత్, వీర్ అను చిన్న క్షిపణి పడవలు కరాచి తీరముపై దాడి సలిపినవి. ఆ దినమునే మనము ఏటేట నౌకాదళ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని విజయము ఊరక రాలేదు. డిసెంబరు 9న ‘ఖుక్రీ’ యను మన నౌకను శత్రు జలాంతర్గామి దియూ సమీపమున ముంచివేసెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాసిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తనవారిని రక్షించుటకు యత్నించుచు, నౌకను వీడక దానితోపాటే మునిగెను.

వ్యవస్థ

రాష్ట్రపతి మూడు సాయుధదళములకును సర్వసేనాధిపతి. నౌకాదళమునకు ‘అడ్మిరల్’ హోదాగల ప్రధానాధికారి క్రొత్తఢిల్లీనుండి నాయకత్వము వహించును. ఆయన క్రింద మూడు కమాండులు కలవు. పశ్చిమ కమాండు ముంబయియందు, తూర్పు కమాండు విశాఖపట్టణమునందు, దక్షిణ కమాండు కొచ్చియందు ఉన్నవి. కొచ్చి కమాండునకు శిక్షణయే ప్రధానకార్యము. ఇవిగాక అండమాను నికోబారు దీవులలో మూడు దళములకును ఉమ్మడియైన కమాండు 2001లో ఏర్పడినది.

అధికారులు కేరళలోని ఎళిమల అకాడమీలోను, నావికులు ఒడిశాలోని చిల్కా కేంద్రములోను శిక్షణ పొందుదురు. 1978 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన తీరరక్షక దళము వేరు సంస్థ. దొంగరవాణాను అరికట్టుట, సముద్రమున చిక్కుకొన్నవారిని రక్షించుట దాని ముఖ్యవిధులు. ఇక తీరమునకు దగ్గరలో రాష్ట్రముల మెరైన్ పోలీసులు కావలి కాయుదురు.

నౌకలు, ఆయుధములు

యుద్ధనౌక లన్నియు ఒక్కతీరుగా నుండవు. విమానవాహక నౌక సముద్రముపై కదలాడు విమానాశ్రయము వంటిది. నేడు మనకట్టివి రెండు కలవు: 2013లో చేరిన విక్రమాదిత్య, 2022లో చేరిన క్రొత్త విక్రాంత్. కొచ్చిలో నిర్మింపబడిన విక్రాంత్ పొడవు 262 మీటర్లు. బరువు 40,000 టన్నులకు మించినది. ఇంతటి నౌకను స్వయముగా నిర్మింపగల దేశములు ప్రపంచమున కొలదియే.

డిస్ట్రాయరు, ఫ్రిగేటు అను నౌకలు శత్రువుల విమానములను, నౌకలను, జలాంతర్గాములను ఎదుర్కొనును. 2021లో చేరిన ‘విశాఖపట్టణము’ డిస్ట్రాయరు తరగతికి చెందినది. దీని పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు. వీనికంటె చిన్నవైన కార్వెట్లు తీరమునకు చేరువలో తిరుగుచుండును.

జలాంతర్గామి బలము దాని మరుగుననే యున్నది. నీటిలో వెలుతురు లోతునకు పోదు. రేడియో తరంగములును అంతే. ధ్వని మాత్రము బహుదూరము పోవును. అందుచేత నీటి అడుగున శత్రువును ‘సోనార్’ అను ధ్వనియంత్రముతో వెదకుదురు. డీజిల్ జలాంతర్గామి తన బ్యాటరీలను నింపుకొనుటకై అప్పుడప్పుడు నీటి పైభాగమునకు చేరువగా వచ్చి గాలి పీల్చుకొనవలెను. అట్టివేళ పట్టుబడు ప్రమాదము కలదు. అణుశక్తితో నడచునది ఆ అవసరము లేక నెలల తరబడి లోతుననే యుండగలదు. విశాఖపట్టణమున నిర్మింపబడిన ‘అరిహంత్’, 2024లో చేరిన ‘అరిఘాత్’ అట్టివే. వీనికి తోడు తమిళనాడులోని అరక్కోణము నుండి ఎగురు పి-8ఐ విమానములు సముద్రముపై వేలకొలది కిలోమీటర్లు గాలించి జలాంతర్గాముల జాడ తీయును.

ఈ సాధనములు యుద్ధమునకే పరిమితములు కావు. 2008 నుండి మన నౌకలు ఏడెన్ సింధుశాఖలో సముద్రపుదొంగలనుండి వర్తకనౌకలను కాపాడుచున్నవి. 2024 మార్చిలో ‘కోల్‌కతా’ నౌక సుమారు 40 గంటలపాటు వెంటాడి, ‘రువెన్’ అను ఓడను చెరపట్టిన 35 మంది సోమాలియా దొంగలను లొంగదీసి, 17 మంది ఓడవారిని విడిపించినది.

గ్రామమునకు గల బాధ్యత

2008 నవంబరు 26న ముంబయిపై దాడిచేసిన పదిమంది ముష్కరులు సముద్రముమీదనే వచ్చిరి. వారు మార్గమధ్యమున ‘కుబేర్’ అను మన చేపలపడవను చేజిక్కించుకొని, దానిలో దాగి తీరమును సమీపించిరి. పెద్దనౌకలకు గోచరింపని ముప్పు చిన్నపడవ రూపమున రాగలదని దీనివలన తెలిసినది. 2009లో ప్రభుత్వము తీరరక్షణతో సహా మొత్తము సముద్రరక్షణ బాధ్యతను నౌకాదళమునకు అప్పగించినది. అయినను ఏ పడవ తమ ఊరిది, ఏది కాదు అను సంగతి మత్స్యకారునకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

కావున తీరగ్రామముల పంచాయతీలు ఈ క్రింది విషయములందు శ్రద్ధ వహింపవలెను. ప్రతి పడవయు రిజిస్టరు చేయబడినదో లేదో, వేటకు పోవువారివద్ద గుర్తింపుకార్డులు ఉన్నవో లేవో విచారింపవలెను. అపరిచితమైన పడవ కనబడినచో మెరైన్ పోలీసులకు 1093 నంబరునకును, సముద్రమున ఆపద కలిగినచో తీరరక్షక దళమునకు 1554 నంబరునకును తెలుపవలెనని ఊరిలో అందరికిని తెలియునట్లు చేయవలెను. తుపాను హెచ్చరిక వచ్చిన పిమ్మట ఒక్క పడవయు వేటకు పోకుండ చూడవలెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీలోను, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానులోను నౌకాదళము సహాయమందించినది. కాని ఏ దళము వచ్చుటకైనను కొంతకాలము పట్టును. ఆ తొలిగంటలలో ప్రాణములు నిలుపవలసినది గ్రామమే.

సముద్రమునకు దూరముననున్న పంచాయతీలకును పని కలదు. నావికుల ఎంపిక పరీక్షల ద్వారా, యోగ్యత ననుసరించియే జరుగును. స్త్రీలకును అవకాశము కలదు. ఉద్యోగ మిప్పింతుమని సొమ్మడుగు దళారుల మాట నమ్మవలదని యువజనులను హెచ్చరింపవలెను. 2022 నుండి అమలులోనున్న అగ్నిపథ్ పద్ధతిలో కొలువు నాలుగేండ్లకే పరిమితము. అటుపిమ్మట నూటికి 25 మంది వరకే శాశ్వతముగా నిలుపుదురు. ఈ సంగతి తల్లిదండ్రులు ముందే ఎరిగి, ఆ నాలుగేండ్లలో పిల్లలు చదువును, చేతిపనిని నేర్చుకొనునట్లు చూచుట మేలు.

వీలైనచో బడిపిల్లలను విశాఖ సముద్రతీరమునకు తీసికొనిపోయి, 1969 నుండి 2001 వరకు సేవచేసి ఇప్పుడు ప్రదర్శనశాలగా నున్న ‘కుర్సుర’ జలాంతర్గామిని చూపింపుడు. ఆ ఇరుకైన గదులలో పదులకొలది మనుష్యులు వెలుతురు నెరుగక దినములు గడిపిరని చూచినప్పుడు, దేశరక్షణ యను మాటకు అర్థము పిల్లలకు తేటతెల్లమగును.

సభలో చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమునకు సముద్రమార్గమున వచ్చు వస్తువులెవ్వి? అవి నిలిచిపోయినచో ఏమగును?
2. నౌకాదళము, తీరరక్షక దళము, మెరైన్ పోలీసులు – వీరి విధులలో గల భేదమేమి?
3. 1093, 1554 నంబరులు మన ఊరిలో ఎందరికి తెలియును? తెలియజేయుటకు మార్గమేమి?
4. మన గ్రామమునుండి సైన్యములకు పోయినవారెందరు? కొలువు ముగించి వచ్చినవారికి పంచాయతీ ఏ విధముగా తోడ్పడగలదు?