గుర్రం కాలికి మూలకణాల వైద్యం

కండరాన్ని ఎముకతో కలిపే గట్టి పట్టీని స్నాయుబంధనం అంటారని జీవశాస్త్రంలో చదువుకున్నాం. ఊళ్లో దీన్ని 'నరం' అనేస్తారు గాని, నరం వేరు, ఇది వేరు. మన మడమ వెనుక తడిమితే తాడులా చేతికి తగిలేది స్నాయుబంధనమే. పందెపు గుర్రానికి ఈ తాడు దెబ్బతింటే దాన్ని తిరిగి పెంచడానికి వైద్యులు ఏం చేస్తున్నారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా గుర్రం కాలు సంగతి చూడాలి. ముందుకాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. గిట్ట దాని మధ్యవేలి గోరు. అంటే గుర్రం ఒక్కో కాలికి ఒక్క వేలి కొన మీద పరుగెత్తుతోందన్నమాట! మణికట్టు కింద కండ దాదాపు ఉండదు. ఎముకలూ, వాటిని అంటిపెట్టుకున్న బంధనాలూ ఉంటాయి. నాలుగైదు వందల కిలోల జంతువు దౌడు తీసేటప్పుడు ఒక్క క్షణం భారమంతా ఒకే ముందుకాలి మీద పడుతుంది. అప్పుడు గిట్టకు పైనున్న కీలు నేలవైపు కుంగుతుంది. కాలి వెనుక చర్మానికి దగ్గరగా ఉండే స్నాయుబంధనం రబ్బరులా సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. ఈ సాగుదల 16 శాతం దాకా ఉంటుందని కొలిచారు. అది తెగే హద్దుకు చాలా దగ్గర. పైగా సాగి ముడుచుకునే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. 1994లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన కొలతల ప్రకారం, దౌడులో స్నాయుబంధనం నడిమధ్య వేడి 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. గాయం కూడా ఎక్కువగా ఆ నడుమనే ఏర్పడుతుంది. అల్ట్రాసౌండ్ పరీక్షలో అది నల్లని గుంటలా కనిపిస్తుంది.

మరి గాయం మానదా? మానుతుంది, అక్కడే చిక్కు. మంచి స్నాయుబంధనంలో కొల్లాజెన్ పోగులు పేనిన తాడులా ఒకే దిశలో ఉంటాయి. మానిన చోట మచ్చకణజాలం ఏర్పడుతుంది. తాడు తెగిన చోట పీచు ఉండ కుక్కినట్లు ఉంటుందది. బిరుసుగా ఉంటుంది, సరిగా సాగదు. గుర్రం మళ్లీ పందెంలో దిగితే అక్కడో, దాని పక్కనో మళ్లీ తెగుతుంది.

పూర్వం దీనికి కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు. మన పల్లెల్లో ఎడ్లకు పెట్టినట్లే ఇంగ్లండులోనూ గుర్రాలకు పెట్టారంటే మాకు ఆశ్చర్యం కలిగింది. దానివల్ల మేలేమీ లేదని 1983లో అక్కడి పరిశోధకులే తేల్చారు. పాపం, అప్పటిదాకా ఎన్ని గుర్రాలు ఊరకే కాలాయో!

2003లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన రోజర్ స్మిత్, ఆయన సహచరులు కొత్త పద్ధతిని ప్రకటించారు. గుర్రం రొమ్ము ఎముక నుంచి మజ్జ తీస్తారు. అందులోని మూలకణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలపాటు పెంచుతారు. కోటి, అంతకుమించిన కణాలను అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో సరిగ్గా ఆ గుంటలోకి ఎక్కిస్తారు. కణాలు ఆ గుర్రానివే కనుక శరీరం వాటిని తిప్పికొట్టదు. గాయం చుట్టూ చెడని స్నాయుబంధనం గోడలా ఉండి, ఎక్కించిన మందును పట్టి ఉంచుతుంది. మచ్చ గట్టిపడక ముందే ఈ పని జరగాలి.

ఫలితం మాటకొస్తే, 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా చికిత్స పొందిన 113 పందెపు గుర్రాల్లో 27.4 శాతానికి గాయం తిరగబెట్టింది. అడ్డంకులు దూకే పందేల గుర్రాల్లో పాత పద్ధతులతో ఇది సగానికి పైగా ఉండేది. అయితే ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. పాత గుర్రాలూ కొత్త గుర్రాలూ ఒకే పరీక్షలో పక్కపక్కన ఉన్నవి కావు. చదును నేల మీద పరుగెత్తే గుర్రాలు అందులో ఎనిమిదే ఉన్నాయి, వాటిలో సగానికి గాయం తిరగబెట్టింది. ఎనిమిదింటిని చూసి ఏం చెప్పగలం? 2013లో అదే బృందం 12 గుర్రాలను తీసుకుని, ఆరింటికి మూలకణాలు, ఆరింటికి ఉప్పునీరు ఎక్కించి పోల్చింది. మూలకణాలు పొందినవాటి స్నాయుబంధనం బిరుసు తగ్గి, మంచిదానికి దగ్గరగా వచ్చింది. మాకు ఈ చిన్న పరీక్షే ఎక్కువ నమ్మకంగా తోచింది.

ఇంకో విచిత్రం. ఎక్కించిన కణాల్లో చాలా భాగం అక్కడ ఎక్కువ రోజులు నిలవవు. కనుక అవే స్నాయుబంధనంగా మారిపోతాయన్న మొదటి ఊహ సడలింది. అవి విడుదల చేసే రసాయనాలు వాపును అణచి, ఉన్న కణాలను పనికి పురికొల్పుతాయని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. రక్తంలోని ప్లేట్‌లెట్లను చిక్కబరచి ఎక్కించే మరో పద్ధతి వెనుక ఆలోచన కూడా ఇటువంటిదే. 2022లో యూరోపియన్ యూనియన్ వేరే గుర్రపు రక్తం నుంచి తయారుచేసిన మూలకణాల మందుకు అనుమతి ఇచ్చింది. అది సిద్ధంగా దొరుకుతుంది కనుక మజ్జ తీసి వారాలు ఆగనక్కరలేదు.

ఏ సూది వేసినా గుర్రం వెంటనే పరుగెత్తడానికి లేదు. మొదట కట్టుకొట్టంలో విశ్రాంతి, తర్వాత రోజుకు కొన్ని నిమిషాలు పగ్గం పట్టి నడిపించడం, నెలలు గడిచాక మెల్లని పరుగు. మధ్యమధ్య అల్ట్రాసౌండ్ చూసుకుంటూ పోగా, దౌడుకు చేరేసరికి దాదాపు ఏడాది పడుతుంది.