మాత్ర మానొద్దు

సాయమ్మ భర్త వీరయ్య. పోయిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో మందులిచ్చారు. ఇంటి దగ్గర రోజూ సాయమ్మ కసరత్తు చేయించింది. ఇప్పుడు వీరయ్య కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"బాగానే ఉన్నాను కదే! ఇంకా మాత్రలెందుకు?" అన్నాడు ఒకరోజు.

సాయమ్మకూ నిజమే అనిపించింది. నాలుగు రోజులు మాత్రలు ఇవ్వలేదు.

ఐదో రోజు నర్సమ్మ వచ్చింది. బి.పి. చూసింది. పై అంకె 180 ఉంది.

"ఎంత పని చేశావమ్మా! మాత్ర వేసుకుంటున్నాడు కాబట్టే బాగున్నాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. బి.పి. పెరిగితే ఆ నాళాలు పాడవుతాయి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడే డాక్టరు దగ్గరకు తీసుకుపో" అంది.

సాయమ్మ గుండె ఝల్లుమంది. వెంటనే ఆసుపత్రికి బయలుదేరారు. డాక్టరు చూసి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాడు. సర్కారు ఆసుపత్రిలో బి.పి. మాత్రలు ఉచితంగానే ఇచ్చారు.

ఇంటికొచ్చి సాయమ్మ మందుల చీటీ తీసింది. కూడబలుక్కుని చదివింది. పొద్దున ఏది, రాత్రి ఏది తెలుసుకుంది. మాత్ర వేసినప్పుడల్లా క్యాలెండరులో ఆ తేదీ మీద గీత పెట్టసాగింది.

కూరలో ఉప్పు తగ్గించింది. ఊరగాయ, అప్పడం, ఎండుచేప మాన్పించింది.

"చప్పగా ఉందే!" విసుక్కున్నాడు వీరయ్య.

"నేనూ అదే తింటున్నాగా! చుట్ట కూడా మానెయ్యి మావా. నువ్వు మళ్లీ పడిపోతే నేనేం కాను?" అంది సాయమ్మ.

వీరయ్య మాట్లాడలేదు. చుట్టల కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

గుర్తుంచుకోండి

* డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకూడదు.
* బి.పి., షుగరు తరచుగా చూపించాలి.
* మనిషికి రోజుకు ఒక చెంచా ఉప్పు దాటకూడదు. చిన్న చెంచా అది.
* బీడీ, చుట్ట, సారా మానాలి.
* రోజూ చేతనైనంత నడవాలి.

ఇలా ఉంటే వెంటనే 108కి ఫోను చేయండి

ఉన్నట్టుండి మూతి వంకర పోవడం. ఒక చెయ్యి, కాలు పట్టు తప్పడం. మాట తడబడడం.

అది ఎన్ని గంటలకు మొదలైందో డాక్టరుకు చెప్పండి. గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే వేయాలి. పసరు మందుల కోసం తిరగవద్దు. నోట్లో నీళ్లు పోయవద్దు. కాసేపటికి తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఆలోచించండి

మీ ఇంట్లో మాత్రలు వాడేవాళ్లు ఎవరు? వాళ్ల మందుల చీటీ తీసి ఇవాళ మీరే చదవండి.